మూడు సియాహీలు, ఒక సియాహానామా



2020 అక్టోబరు 13 రాత్రి పడ్డ వాన మీ అందరికీ యాదుండే ఉంటుంది. బేగంపేట వైపు నాలాకు దగ్గర్లో ఉన్న మా చాచా ఇంట్లోకి ఆ రాత్రి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మనుషులు, అల్హమ్దులిల్లాహ్, ఖైరియత్‌గా మేడమీదికి చేరారు. మంచం కిందున్న దాదా రేకు సందూక్ మాత్రం తెల్లారేదాకా నీళ్లలోనే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మేం వెళ్లేసరికి చాచీ మేడమీద చాప పరిచి, సందూక్‌లోని కాగితాలను ఒక్కొక్కటే విడదీసి ఆరేస్తోంది. ఎగిరిపోకుండా వాటిమీద చెంచాలు, గిన్నెలు పెట్టింది. దాదీ పక్కనే కుర్చీలో కూచుని తస్బీహ్ తిప్పుతూ ఆ కాగితాలనే చూస్తోంది. అప్పటికి ఆమెకు 87 ఏళ్లు. దాదా ఇంతెఖాల్ అయి ఏడాది దాటింది.

ఆ చాప మీదున్న కాగితాల్లో మూడింటి గురించే ఇవాళ చెప్పాలనుకుంటున్నాను.

మొదటిది మా పర్దాదా ఎడ్ల జత కొన్నప్పటి రసీదు. ఉర్దూలో ఉంది. తారీఖు 1330 ఫస్లీ. నిజాం సర్కారు ఫస్లీ లెక్కకు 590 కలిపితే ఈసవీ సన్ వస్తుంది కాబట్టి అది 1920 నాటి మాట. చేత్తో చేసిన మందపాటి కాగితం, నల్లటి రాత. అంచుల్లో, వేలు తగిలిన చోట కొంచెం అలుక్కుపోయింది. మిగతాదంతా చదవొచ్చు.

రెండోది 1943లో దాదాకు కంటోన్మెంటులోని స్టోర్స్ దఫ్తర్‌లో గుమాస్తా నౌకరీ ఇచ్చిన హుకుం. ఇంగ్లీషులో ఉంది. కాగితం గోధుమరంగుకు తిరిగింది, మడతల దగ్గర చిరిగింది. అక్షరం మాత్రం ఒక్కటి కూడా చెదరలేదు. రాత్రంతా నీళ్లలో నానిన కాగితమంటే ఎవరూ నమ్మరు.

మూడోది దాదా, దాదీల సియాహానామా. 1951. మన హైదరాబాదీలం నిఖానామాను సియాహానామా అంటామని బయటి ఊళ్ల చుట్టాలు ఆశ్చర్యపోతుంటారు. సియాహ్ అంటే నలుపు. పాత దఫ్తర్లలో రోజువారీ లెక్కల బుక్కును సియాహా అనేవాళ్లు, సియాహీతో ఎక్కించిన లెక్క అని. ఖాజీ సాబ్ రిజిస్టరులో ఎక్కిన నిఖా కూడా అలాగే సియాహా అయింది. ఇప్పుడు మా ఇంటి సియాహానామాలో సియాహీయే లేదు. అచ్చువేసిన గీతలు, గడులు ఉన్నాయి. గడుల్లో చేత్తో నింపిన చోటల్లా లేత నీలం మబ్బులు. దూల్హా పేరు సగం, ఒక గవా పేరు సగం ఆనవాలు పట్టొచ్చు. మెహర్ గడిలో ఏమీ లేదు.

ఒకే సందూక్, ఒకే నీళ్లు, ఒకే రాత్రి. అన్నిటికన్నా పాతది నిలబడింది, అన్నిటికన్నా కొత్తది కొట్టుకుపోయింది. ఇలా ఎందుకైందన్న సవాల్ నా నెత్తికెక్కి, తర్వాత ఆరు నెలలు నన్ను సిరాబుడ్ల వెంట తిప్పింది.

మెహర్ గడి మాకెందుకంత జరూరత్ అయిందో ముందు చెప్పాలి. దాదా పోయాక ఆస్తి పంచుకోవాల్సి వచ్చింది. పెద్ద ఆస్తేం కాదు, ఒక ఇల్లు, కొంచెం డబ్బు. షరియత్ ప్రకారం కఫన్ దఫన్ ఖర్చుల తర్వాత మొదట తీర్చాల్సింది మయ్యత్ మీదున్న ఖర్జ్. ఆ తర్వాత మూడో వంతుకు మించకుండా వసియత్. ఆ తర్వాతే విరాసత్. ఇవ్వకుండా మిగిలిపోయిన మెహర్ కూడా ఖర్జే. దాదా మెహర్ ఇవ్వలేదు. దాదీ అడగలేదు. 68 ఏళ్లు ఇద్దరూ ఒక కప్పు కిందే బతికారు, ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. మన ఇళ్లలో మామూలుగా జరిగేదే ఇది.

"ముందు అమ్మీ హఖ్ పక్కన పెట్టండి, మిగిలింది పంచుకుందాం" అన్నారు అబ్బా. అందరూ సరే అన్నారు. కానీ ఎంత? చాచా "1,400 రూపాయలు, 2 దీనార్ సుర్ఖ్" అన్నాడు. ఫూఫీ "కాదు, 5 దీనార్లు, అబ్బాజాన్ నోటితో నేను విన్నాను" అంది. దీనార్ సుర్ఖ్ అంటే బంగారం లెక్క కాబట్టి రెండుకు, ఐదుకు ఫరక్ చిన్నది కాదు. రూపాయల్లోనూ ఒక చిక్కుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. దాదీని అడిగితే, "1,400 యాదుంది బేటా. దీనార్లు ఎన్నో పర్దా వెనకున్న నాకేం వినపడింది? మా అబ్బా తలూపమన్నాడు, ఊపాను" అంది. గవాలు ఇద్దరూ ఎప్పుడో అల్లాకు ప్యారే అయిపోయారు. మిగిలింది కాగితం ఒక్కటే, అది కూడా నోరు మూసుకుంది.

ఇక సియాహీల తారీఖులోకి వెళ్దాం.

మన భాషలో రాత సామాను మాటలు చాలా ఫార్సీ, అరబ్బీల నుంచి వచ్చినవే. కాగితం, రసీదు, దస్తావేజు, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. సియాహీకి ఉర్దూలో ఇంకో పేరు రోష్నాయీ. రోష్నీ అంటే వెలుగు. నల్లటి నీళ్లకు వెలుగని పేరు పెట్టడం నాకు చిన్నప్పుడు తమాషాగా ఉండేది. అది తయారయ్యే తీరు చూశాక మాత్రం ఆ పేరు తగిందే అనిపించింది. పాతకాలపు సియాహీ దీపం నుంచే పుడుతుంది. నూనె దీపం మీద మట్టి మూకుడు బోర్లిస్తే పట్టే కాజల్‌ను గీకి, తుమ్మజిగురు నీళ్లలో వేసి గంటలకొద్దీ నూరాలి. ఎంత నూరితే అంత నాణ్యం. దవాత్‌లో కొంచెం పట్టుపోగులు వేసేవాళ్లు. దాన్ని సూఫ్ అంటారు. ఖలం మునిగినప్పుడు సియాహీ ఎక్కువ అంటుకోకుండా ఆ పోగులు ఆపుతాయి.

అరబ్బీలో సిరాకు రెండు పేర్లున్నాయి. మిదాద్ అని ఎక్కువగా ఈ కాజల్ సిరానే అనేవాళ్లు. హిబ్ర్ అంటే మాజూకాయతో చేసేది. 11వ శతాబ్దంలో ట్యునీషియా ప్రాంతాన్ని ఏలిన అల్ ముయిజ్ ఇబ్న్ బాదీస్ పేరు మీద 'ఉమ్దతుల్ కుత్తాబ్' అని ఒక కితాబ్ ఉంది. అందులో ఖలం చెక్కడం నుంచి రకరకాల సిరాలు కలపడం దాకా, జిల్ద్ కట్టడం దాకా అన్నీ ఉన్నాయి. అంటే వెయ్యేళ్ల కిందటే మనవాళ్లు సిరాల ఫరక్ తెలిసి రాసేవాళ్లన్నమాట.

కాజల్ అంటే బొగ్గే. బొగ్గును ఎండ ఏమీ చేయలేదు. మన తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ దస్తావేజులు లక్షన్నరకు పైగా ఉన్నాయి. మూడు నాలుగు వందల ఏళ్ల నాటి ఫార్సీ రాతలను ఇవాళ్టికీ చదివి పరిశోధన చేస్తున్నారంటే అందులో ఈ నల్లసిరా వాటా చాలా ఉంది. హైదరాబాద్ రియాసత్‌లో 1880ల్లో ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. భాష మారినా దవాత్‌లోని సియాహీ వెంటనే మారలేదు. మా పర్దాదా ఎడ్ల రసీదు ఆ ఖాందాన్‌లోదే.

అయితే ఈ సియాహీకి ఒక కమ్‌జోరీ ఉంది. అది కాగితం మీద కూచుంటుంది, లోపలికి దిగదు. దాన్ని పట్టుకుని ఉంచేది జిగురు. జిగురు నీళ్లకు కరుగుతుంది. మక్తబ్‌లో చదివిన పెద్దవాళ్లుంటే అడగండి, తఖ్తీ మీద నిన్నటి సబఖ్ కడిగేసి, ముల్తానీ మట్టి పూసి ఆరబెట్టి మళ్లీ రాసేవాళ్లు. కడిగితే పోయేది కాబట్టే ఒక్క పలకతో చదువంతా గడిచింది. మా రసీదులో వేలు తగిలిన చోట అలుక్కుపోయింది అందుకే. ఎవరూ రుద్దని చోట బొగ్గు కదల్లేదు.

రెండో సియాహీ సికింద్రాబాద్‌ది. 1798 సంధి తర్వాత ఇంగ్లీషు ఫౌజు ఇక్కడ కుదురుకుంది. 1806లో మూడో నిజాం సికందర్ జాహ్ పేరు మీద ఈ బస్తీకి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. హుస్సేన్ సాగర్‌కు అవతల రియాసత్ దఫ్తర్లలో ఫార్సీ, ఉర్దూ నడిస్తే, ఇవతల కంటోన్మెంటు దఫ్తర్లలో ఇంగ్లీషు నడిచింది. ఖలం స్థానంలో ఉక్కు పాళీ వచ్చింది. దాని పక్కన నీలి నలుపు సిరాబుడ్డి వచ్చింది.

ఈ సిరా గుట్టు మాజూకాయలో ఉంది. తెలుగులో మాచికాయ అంటాం. నిజానికది కాయే కాదు. ఓక్ జాతి చెట్టు కొమ్మను ఒక పురుగు కుట్టి గుడ్డు పెడితే చెట్టు ఆ చోట ఉబ్బి గట్టి బుడిపె కడుతుంది. అందులో వగరు దండిగా ఉంటుంది. ఆ వగరు నీళ్లలో హీరాకసీస్, అంటే మన అన్నభేది కలిపితే సిరా తయారవుతుంది. అన్నభేది ఇనుప ఉప్పు. రాసినప్పుడు రంగు వెలిసినట్టుంటుంది. కాగితంలోకి ఇంకాక గాలి తగిలి, ఆ ఇనుము వగరుతో కలిసి నల్లబడుతుంది. పోగుల సందుల్లోనే నల్లబడి నీళ్లకు కరగని పదార్థమైపోతుంది కాబట్టి కడిగినా రాదు. రాసేటప్పుడు కంటికి కనపడాలని అందులో నీలం రంగు కలిపారు. లండన్‌లో హెన్రీ స్టీఫెన్స్ 1832లో అలాంటి నీలి నలుపు సిరా అమ్మడం మొదలుపెట్టాడు. నీలంగా రాస్తుంది, నల్లగా మిగులుతుంది. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల రిజిస్టర్లకు ఇంగ్లండులో ఈ ఇనుప సిరానే వాడాలని పట్టుబట్టారు. ఆ రివాజే దఫ్తర్ల వెంట ఇక్కడికీ వచ్చింది. దాదా నౌకరీ హుకుం అలా రాసిందే.

దీనికీ ఐబు లేకపోలేదు. ఇది తేజాబు గుణమున్న సిరా. అన్నభేది పాళ్లు మించితే వందేళ్లకో రెండొందల ఏళ్లకో రాతే కాగితాన్ని తినేస్తుంది. అక్షరం ఉన్నచోట అక్షరం ఆకారంలో చిల్లు పడుతుంది. రాత నిలుస్తుంది, కాగితం పోతుంది.

మూడో సియాహీ ఫ్యాక్టరీది. 1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు లండన్‌లో మలేరియా మందు చేయబోయి ఊదారంగు చేశాడు. తారు నుంచి రంగులు పుట్టించే కారఖానాలు అక్కడి నుంచి మొదలయ్యాయి. 1884లో న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మన్ ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. ఫౌంటెన్ పెన్ను నాజూకైన చీజ్. కాజల్ సిరా పోస్తే సన్నని దారులు మూసుకుపోతాయి. ఇనుప సిరా పోసి వదిలేస్తే అడుగున మడ్డి పేరుకుంటుంది, పాళీ తుప్పు పడుతుంది. దానికి పూర్తిగా కరిగే రంగునీళ్లు కావాలి. 1931లో పార్కర్ కంపెనీ క్వింక్ తెచ్చింది, తొందరగా ఆరుతుందని ఆ పేరు. కొన్ని రంగుల్ని పర్మనెంట్ అని, కొన్నిటిని వాషబుల్ అని అమ్మారు. వాషబుల్ అంటే బట్టలమీద పడ్డా ఉతికితే పోతుందని. బడిపిల్లల తల్లులకు అది వరమే. చొక్కా మీద నుంచి పోయేది కాగితం మీద నుంచీ పోతుందని మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

మన దేశంలో ఇదే కాలంలో కలం, సిరా స్వదేశీ ఉద్యమంలో భాగమయ్యాయి. బొంబాయిలో దాండేకర్లు 1931లో గుర్రం మార్కు సిరా పొడి, బిళ్లలతో మొదలుపెట్టిందే తర్వాత క్యామ్లిన్ అయింది. బెంగాల్లో 1934లో సులేఖా పుట్టింది. మన రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో కలాల తయారీ పెట్టారు. ఆయన చేసిన స్వదేశీ కలాన్ని గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ 1928 నుంచి ఉంది. మా అబ్బా తరానికి పదో తరగతి పాసైతే పెన్ను ఇనామ్. జేబులో పెన్నుందంటే చదువుకున్నవాడని ఇజ్జత్.

ఆ ఇజ్జతే మా సియాహానామాను ముంచింది. ఆ సంగతి దాదీ చెప్పింది. నిఖా లాలాగూడలో, ఆమె మైకాలో జరిగింది. ఖాజీ సాబ్ నాయబ్ తన దవాత్, పాళీ తెచ్చుకుని రిజిస్టరు నింపాడట. ఇంటివాళ్లకిచ్చే కాపీ నింపబోతుంటే దాదా దోస్త్ ఒకాయన ముందుకొచ్చి, "ఇంత ముబారక్ కాగితం ఈ పాత పాళీతోనా" అని జేబులోంచి బంగారు పాళీ విలాయతీ పెన్ను తీసిచ్చాడట. "అందరూ దూల్హాను వదిలేసి ఆ పెన్నునే చూశారు" అని దాదీ నవ్వింది. నీలంగా, మెరుస్తూ, అందంగా రాసిందట. అందానికే ఆ కాపీని 70 ఏళ్లు సందూక్‌లో దాచుకున్నారు.

ఈ మాట విన్నాక చేత్తో చేసి చూస్తే గాని తస్కీన్ కాదనిపించింది. మోండా మార్కెట్ వైపు మూలికల దుకాణంలో మాచికాయలు, అన్నభేది, తుమ్మజిగురు కొన్నాను. దుకాణం చాచా "ఏం మర్జ్ బాబా?" అని అడిగాడు. సిరాకని చెప్తే, "ఇవి పంటినొప్పికి కొంటారు, సిరాకని అడిగినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. మా బేగం వంటింట్లో ఒక మూల ఇచ్చింది, గిన్నె మాత్రం ఇవ్వలేదు. పాత గాజుసీసాతో కానిచ్చాను.

60 గ్రాముల మాచికాయలు నలగ్గొట్టి అరలీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టాను. వడకట్టి 30 గ్రాముల అన్నభేది, 20 గ్రాముల జిగురు కలిపాను. పక్కనే నువ్వులనూనె దీపం కాజల్‌తో రోష్నాయీ నూరాను. కాజల్ నీళ్లమీద తేలిపోతూ నా సబర్‌కు ఇంతెహాన్ పెట్టింది. జిగురుతో ముద్దగా కలిపి, తర్వాత చుక్క చుక్కగా నీళ్లు పోస్తేనే మాట వింది. వీటికి తోడు బజార్లో ఏడు రకాలు తెచ్చాను. ఇనుమున్న నీలి నలుపు, ఇనుము లేని నీలి నలుపు, వాషబుల్ నీలం, ఎరుపు, పర్మనెంట్ అని రాసున్న నలుపు, బొగ్గుపొడిని అతి సన్నగా చేసి ఫౌంటెన్ పెన్ను కోసమే తయారుచేసిన జపాన్ నలుపు, మామూలు బాల్‌పెన్ను. ఒకే రకం కాగితం మీద తొమ్మిదింటితోనూ దాదీ పేరే రాశాను. మూడు సెట్లు రాసి, ఒక రోజంతా ఆరనిచ్చాను.

మొదటి సెట్టు పది నిమిషాలు నీళ్ల పళ్లెంలో వేశాను. వాషబుల్ నీలం నిమిషం కాకముందే నీళ్లలోకి పొగలా దిగింది. పదో నిమిషానికి మా సియాహానామా మీదున్న మబ్బులాంటిదే మిగిలింది. చూస్తుంటే గుండె కలుక్కుమంది. ఎరుపూ అదే దారి పట్టింది. ఇనుము లేని నీలి నలుపులో నీలం పోయి బూడిదరంగు నీడ మిగిలింది. బుడ్డి మీద నీలి నలుపు అని ఉన్నంత మాత్రాన అందులో ఇనుము ఉన్నట్టు కాదని ఇక్కడ తెలిసింది. పాత పేరు మిగిలింది, పాత గుణం అన్ని బుడ్లలోనూ లేదు. పర్మనెంట్ నలుపు కొంత కారింది, చదవడానికి వచ్చింది. ఇనుమున్న నీలి నలుపులో నీలం మాత్రం కడుక్కుపోయి నల్లటి రాత గట్టిగా నిలబడింది. నా మాచికాయ సిరా రాసిన పూట వెలిసిన టీ మరకలా ఉండి నన్ను నిరాశపెట్టింది. మర్నాటికి నల్లబడింది, నీళ్లకు రవ్వంత కదల్లేదు. నా రోష్నాయీ కదపకపోతే ఉంది, తడిమీద వేలితో రాస్తే లేచి వచ్చేసింది. జపాన్ నలుపు రుద్దినా రాలేదు. బాల్‌పెన్నుకు నీళ్లంటే లెక్కే లేదు.

రెండో సెట్టును పడమటి కిటికీకి అంటించి, ప్రతి పేరులో సగాన్ని అట్టముక్కతో కప్పాను. ఫిబ్రవరి నుంచి మే దాకా మన సికింద్రాబాద్ ఎండ దాని పని అది చేసింది. అట్ట తీసినప్పుడు ఎరుపులో ఎండ తగిలిన సగం దాదాపు మాయమైంది. వాషబుల్ నీలం వెలిసిపోయింది. నీళ్లను లెక్కచేయని బాల్‌పెన్ను ఎండకు పలచబడింది. ఇనుప సిరాలు రెండూ కొంచెం గోధుమరంగు వైపు తిరిగాయి. బొగ్గు రెండూ, నా వంటింటిదీ, జపాన్‌దీ, కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా లేకుండా ఉన్నాయి. మూడో సెట్టు బీరువాలో ఉంది. మా పిల్లలు చూసి చెప్పాలి, ఇన్షాఅల్లా.

ఒక మాట. ఇంట్లో చేసిన సిరాలు రెండూ ముంచి రాసే పాళీకే. ఫౌంటెన్ పెన్నులో పోయకండి, పెన్ను ఖరాబైపోతుంది.

ఈ తజుర్బా నడుస్తుండగానే అబ్బా ఇంకో పని చేశారు. కాపీ పోతేనేం, అసల్ ఉండాలి కదా అని ఖాజీ దఫ్తర్‌కు వెళ్లారు. 1951 తారీఖు, దూల్హా పేరు, మహల్లా పేరు రాసిచ్చారు. పాత జిల్ద్‌లు తీయడానికి రెండు వారాలు పట్టింది. రమ్మన్న రోజు నేనూ వెంట వెళ్లాను. దుమ్ము దులిపి పుట తిప్పారు. నాయబ్ పాత పాళీతో రాసిన నీలి నలుపు ఇబారత్, ఇప్పుడు నీలం లేదు, నలుపే ఉంది. దాదా పేరు, దాదీ పేరు, వకీల్, ఇద్దరు గవాల దస్తఖత్‌లు ఉన్నాయి. మెహర్ గడిలో 1,400 సిక్కా హాలీ, 5 దీనార్ సుర్ఖ్ అని ఉంది.

సిక్కా హాలీ అన్న ఆ రెండు మాటలే నేను ముందు చెప్పిన చిక్కు. అప్పట్లో మనకు రెండు రూపాయలుండేవి. నిజాం సర్కారుది హాలీ, ఇంగ్లీషు వాళ్లది కల్దార్. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. దాదా కంటోన్మెంటు నౌకరు, ఆయన జీతం కల్దార్‌లో. దాదీ అబ్బా నిజాం రైల్వే మనిషి, వాళ్ల ఇంటి హిసాబంతా హాలీలో. రియాసత్ 1948లో ఇండియాలో కలిసినా హాలీ కొన్నేళ్లు చెలామణిలోనే ఉంది, 1959లో పూర్తిగా రద్దయింది. 1,400 హాలీ అంటే 1,200 కల్దార్. రెండొందల తేడా ఇవాళ చాయ్ ఖర్చు. అప్పట్లో అది ఒక గుమాస్తాకు నెలల జీతం. ఒకే బస్తీలో చెరువుకు అటూ ఇటూ రెండు సిక్కాలు, రెండు జబాన్లు, రెండు సియాహీలు నడిచిన జమానా అంతా ఆ ఒక్క గడిలో కనిపించింది.

చాచా ఆ పుట ఫోటో చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫూఫీకి తనే ఫోన్ చేసి, "ఆపా, నువ్వే సహీ" అన్నాడు. ఆలిమ్ సాబ్‌ను అడిగి, ఆయన చెప్పిన తూకం ప్రకారం లెక్కకట్టి, పంపకానికి ముందే దాదీ చేతిలో పెట్టారు. దాదీ ఆ డబ్బును దుపట్టా కొంగులో మూట కట్టుకుని, "మీ దాదా అయితే ఇంత హిసాబ్ చేసేవాడు కాదు, మాఫ్ చేయవే అనేవాడు, నేను చేసేదాన్ని" అంది. కొంచెం ఆగి, "కానీ మీరు చేసిందే సహీ. అడగకపోతే హఖ్ పోతుందా ఏంటి" అంది. ఆ డబ్బులో కొంత లాలాగూడలో తన మైకా పక్క మస్జిద్‌కు పంపించింది, మిగిలింది మనవరాళ్లకు పంచింది.

తొమ్మిది సిరాల్లో గెలిచిందేదని దోస్తులు అడుగుతుంటారు. నీళ్లకు మాచికాయ, ఎండకు బొగ్గు. ఫౌంటెన్ పెన్నుతోనే రాయాలనుకుంటే రెంటినీ తట్టుకున్నది ఆ సన్నబొగ్గు నలుపు. నీలం వాషబుల్ డైరీలకు, చిట్టీలకు బాగుంటుంది. దస్తావేజుకు వద్దు. కానీ మా ఇంట్లో మెహర్‌ను కాపాడింది ఒక్క సిరాయే అనుకుంటే తప్పు. ఖాజీ రిజిస్టరు కూడా అదే సందూక్‌లో ఉండి చిరిగిపోతే? కాపాడింది రెండో చోట రెండో రాత ఉండటం. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలో ఖర్జ్ గురించే ఉంది. రాసుకోమనీ, గవాలను పెట్టుకోమనీ హుకుం. ఒక్క గవాతో ఎందుకు సరిపెట్టలేదో నాకు ఆ సందూక్ ముందు కూచున్నప్పుడు అర్థమైంది. సియాహీ కూడా గవాయే. ఒక్కటే ఉంటే వానకు తడుస్తుంది.

అందుకే మీకో గుజారిష్. ఈ జుమా నమాజ్ తర్వాత ఇంట్లో సందూక్ దింపండి. సియాహానామా, ఇంటి కాగితాలు, హిబానామా, పెద్దల చేతిరాతలు ఏ సిరాతో ఉన్నాయో చూడండి. తడివేలు పెట్టి చూడొద్దు, దాదీ కాగితంతో ఆ పొరపాటు నేను చేసి ఇంకో అక్షరం పోగొట్టాను. ముందు ఫోటో తీయండి. ఖాజీ దఫ్తర్ నుంచి నకలు తెచ్చుకోండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్న చెల్లి దగ్గరో తమ్ముడి దగ్గరో పెట్టండి. ముసలివాళ్లు ఉండగానే మెహర్ ఎంత, ఇచ్చారా లేదా, అడిగి రాసుకోండి. సిగ్గు పడకండి.

వచ్చే షవ్వాల్‌లో మా అమ్మాయి నిఖా, దుఆ చేయండి. సియాహానామా నింపే పెన్నూ సిరా నేనే తీసుకెళ్తున్నాను. ఖాజీ సాబ్‌కు ముందే చెప్పాను, ఆయన నవ్వి సరే అన్నారు. దాదీ మాత్రం ఒక షర్తు పెట్టింది. ఈసారి మెహర్ ఎంతో పర్దా వెనకున్న పిల్లకు వినపడేలా గట్టిగా చదవాలట.